సిగ్నల్ పోతే తప్పు బోర్డుదా, సాఫ్ట్‌వేర్‌దా?

ఫోన్‌లో సిగ్నల్ రావట్లేదని రిపేర్ షాపుకు తీసుకెళ్తే "నెట్‌వర్క్ ఐసీ పోయినట్టుంది, బోర్డు పని చేయాలి" అంటారు. సర్వీస్ సెంటర్‌కు వెళ్తే "ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి చూద్దాం" అంటారు. సిమ్ కంపెనీకి ఫోన్ చేస్తే "మా వైపు అంతా బాగానే ఉంది, సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసి చూడండి" అంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్తున్నారని అనుకోనక్కర్లేదు. ఎవరికి కనిపించే ముక్కను బట్టి వాళ్లు చెప్తున్నారు. మధ్యలో నలిగేది ఫోన్ పట్టుకున్న మనిషి. ఇవాళ సిగ్నల్ లేకపోతే కాల్ ఒక్కటే పోదు, బ్యాంకు ఓటీపీ రాదు, కిరాణా కొట్టులో డబ్బు కట్టలేం, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు మనం దొరకం. ఆ టెన్షన్‌లో ఎవరు ముందు నమ్మకంగా చెప్తే వాళ్ల మాటకే తలూపుతాం.

"హార్డ్‌వేరా, సాఫ్ట్‌వేరా?" అని అడిగేటప్పుడు ఆ రెంటి మధ్య ఒక గోడ ఉందని అనుకుంటాం. ఫోన్‌లో మిగతా చాలా విషయాల్లో ఆ గోడ నిజంగానే ఉంది. తెర పగిలితే హార్డ్‌వేర్, యాప్ ఆగిపోతే సాఫ్ట్‌వేర్. సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గోడ చెరిగిపోతుంది. ఎందుకో తెలియాలంటే తెర పైమూలన కనిపించే గీతల దగ్గర మొదలుపెట్టాలి.

## ఆ గీతలు సిగ్నల్ కాదు

నాలుగు గీతలు నిండుగా ఉంటే సిగ్నల్ బాగుందని, ఒకటే ఉంటే బాగాలేదని అనుకుంటాం. ఆ గీతలు గీసేది సాఫ్ట్‌వేర్. ఫోన్ నిజంగా కొలిచేది ఒక అంకెను. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో సిమ్ స్టేటస్ తెరిస్తే "-97 డీబీఎం" లాంటిది కనిపిస్తుంది. అసలు సిగ్నల్ బలం అదే.

డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే లెక్క. సున్నా డీబీఎం అంటే సరిగ్గా ఒక మిల్లీవాట్. అక్కడి నుంచి 10 తగ్గిన ప్రతిసారీ బలం పదో వంతు అవుతుంది. 3 తగ్గితే దాదాపు సగం, 20 తగ్గితే నూరో వంతు. ఈ లెక్కన -90 డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌లో 100 కోట్లవ వంతు. అంత సన్నని తరంగం నుంచి మనిషి గొంతును బయటికి తీస్తోంది మన జేబులో ఉన్న వస్తువు. అది ఒక్కోసారి తప్పడం కంటే, రోజూ పనిచేయడమే నాకు పెద్ద ఆశ్చర్యం.

అంకె మైనస్‌లో ఉంటుంది కాబట్టి -85 కంటే -105 బలహీనం. రెండింటికీ తేడా 20, అంటే వంద రెట్లు.

ఈ అంకెను గీతలుగా మార్చే సూత్రం ప్రకృతి ఇచ్చింది కాదు, ఎవరో కూర్చుని రాసింది. ఆండ్రాయిడ్ మూల కోడ్‌లో 4జీకి మామూలుగా ఉండే హద్దులు -128, -118, -108, -98. అంటే -98 దాటితే నాలుగు గీతలూ నిండుతాయి, -108 దాటితే మూడు. ఈ హద్దుల్ని సిమ్ కంపెనీని బట్టి మార్చుకునే వీలు కూడా అదే కోడ్‌లో ఉంది. అంతే కాదు, సిగ్నల్‌ను ఉన్నదానికంటే ఒక గీత ఎక్కువ చేసి చూపించే ఐచ్ఛిక సెట్టింగ్ కూడా అందులో ఉంది. కాబట్టి ఒకే గదిలో పక్కపక్కన పెట్టిన రెండు ఫోన్లలో ఒకటి మూడు గీతలు, ఇంకోటి రెండు గీతలు చూపిస్తే, రెండోదాని యాంటెనా పాడైందని వెంటనే అనుకోలేం. రెండింటి అంకెలూ చూడాలి. ఆ అంకెలు కూడా 4జీని 4జీతోనే పోల్చాలి. 2జీ, 3జీలో కొలిచే పద్ధతి వేరు, వాటి అంకె ఒకే చోట పెద్దదిగా కనబడుతుంది.

## టవర్ నుంచి తెర దాకా

టవర్ నుంచి వచ్చిన తరంగం ముందు యాంటెనాకు తగులుతుంది. ఇప్పటి ఫోన్లలో యాంటెనా బయటికి కనిపించదు. అంచున ఉన్న లోహపు చట్రంలోనో, లోపలి ప్లాస్టిక్ మీద అచ్చు వేసిన సన్నని లోహపు పట్టీలోనో ఉంటుంది. ఒక్కటి కాదు, కింద ఒకటి, పైన ఒకటి, పక్కన ఇంకొన్ని. అక్కడి నుంచి దారపు పోగంత సన్నని కేబుల్ మీదుగానో, ఫ్లెక్స్ పట్టీ మీదుగానో సిగ్నల్ బోర్డుకు చేరుతుంది. బోర్డు మీద ఫిల్టర్లు అక్కర్లేని తరంగాల్ని ఆపుతాయి, యాంప్లిఫయర్లు మరీ సన్నగా ఉన్నదాన్ని పెంచుతాయి. ఆ తర్వాత మోడెమ్ చిప్ ఆ అలల్ని అంకెలుగా మార్చి అర్థం చెప్తుంది. రిపేర్ షాపుల్లో దీన్నే బేస్‌బ్యాండ్ అంటారు. చివరికి ఆండ్రాయిడో ఐఓఎస్సో "ఎంత వచ్చింది?" అని మోడెమ్‌ను అడిగి, వచ్చిన జవాబును గీతలుగా గీస్తుంది.

యాంటెనా, కేబుల్, ఫిల్టర్లు కచ్చితంగా హార్డ్‌వేరే. గీతలు గీసే భాగం కచ్చితంగా సాఫ్ట్‌వేరే. తగవంతా మధ్యలో ఉన్న మోడెమ్ దగ్గర వస్తుంది. దాని సంగతికి వచ్చేముందు, ఏ తగవూ లేకుండా తేలిపోయిన రెండు ఉదాహరణలు చూద్దాం.

## గంట తిరగ్గానే వెనక్కి వెళ్లిన అప్‌డేట్

2014 సెప్టెంబర్ 24న యాపిల్ ఐఓఎస్ 8.0.1 విడుదల చేసింది. ఎక్కించుకున్న ఐఫోన్ 6, 6 ప్లస్ ఫోన్లలో చాలావాటికి నెట్‌వర్క్ పూర్తిగా పోయింది, వేలిముద్ర కూడా పనిచేయడం మానేసింది. దాదాపు గంటలోనే కంపెనీ ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది, వెంటనే 8.0.2 తెచ్చి సరిచేసింది. అదే అప్‌డేట్ వేసుకున్న పాత మోడళ్లు మామూలుగానే పనిచేశాయి.

సాఫ్ట్‌వేర్ తప్పు ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒకే రోజు, ఒకే మోడల్, వేర్వేరు ఊళ్లలో, కింద పడనివి, నీళ్లు తగలనివి, డబ్బాలోంచి అప్పుడే తీసినవి కూడా ఒకేలా పడిపోయాయి. మందు కూడా సాఫ్ట్‌వేరే, వెనకటి ఐఓఎస్ 8కు తిరిగి వెళ్లడం లేదా దాని తర్వాత వచ్చిన అప్‌డేట్. ఒక్క ఫోన్ కూడా విప్పాల్సిన పని పడలేదు. 2021 డిసెంబర్‌లో గూగుల్ పిక్సెల్ 6 అప్‌డేట్ విషయంలోనూ ఇలాగే జరిగింది. కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయని ఫిర్యాదులు రావడంతో అప్‌డేట్ పంపడం ఆపేశారు, మరుసటి నెల దిద్దిన రూపాన్ని పంపారు.

## అప్‌డేట్‌కు లొంగని జబ్బు

2018 ఫిబ్రవరిలో యాపిల్ మరో ప్రకటన చేసింది. కొన్ని ఐఫోన్ 7లు సిగ్నల్ ఉన్న చోట కూడా "నో సర్వీస్" అని చూపిస్తున్నాయి, ప్రధాన బోర్డు మీద ఒక విడిభాగం పాడవడమే కారణం, వాటిని ఉచితంగా బాగుచేస్తాం అని. 2016 సెప్టెంబర్ నుంచి 2018 ఫిబ్రవరి మధ్య తయారై, అమెరికా, చైనా, హాంకాంగ్, మకావ్, జపాన్‌లలో అమ్ముడైన కొన్ని మోడల్ నంబర్లకే ఇది వర్తిస్తుందని చెప్పారు.

ఇక్కడ తీరు పూర్తిగా వేరు. ఒకే మోడల్‌లో కొన్నింటికే వచ్చింది, ఒక్కో ఫోన్‌కు ఒక్కో రోజు వచ్చింది. అదే ఐఓఎస్ వేసుకున్న పక్కవాళ్ల ఫోన్ బాగానే ఉంది. ఏ అప్‌డేటూ దాన్ని బాగుచేయలేదు. సాఫ్ట్‌వేర్ తప్పు ఫోన్లను గుంపుగా పట్టుకుంటుంది, హార్డ్‌వేర్ తప్పు ఒక్కొక్కదాన్నే పట్టుకుంటుంది. ఈ నియమానికి మినహాయింపులు ఉన్నాయి గానీ, మొదటి అడుగుకు ఇది బాగా పనికొస్తుంది.

## ఐఫోన్ 4: రెండు తప్పులూ ఒకే చోట

ఈ చర్చ ప్రపంచమంతా ఒకేసారి జరిగింది 2010లో. దాని వివరాల్లోకి వెళ్లడం మంచిది, ఎందుకంటే "హార్డ్‌వేరే" అన్నవాళ్లూ "సాఫ్ట్‌వేరే" అన్నవాళ్లూ ఇద్దరూ సగం సగం నెగ్గిన కేసు ఇది.

ఐఫోన్ 4 ఆ ఏడాది జూన్ 24న వచ్చింది. దాని చుట్టూ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీయే యాంటెనా. పట్టీ ముక్కల మధ్య సన్నని నల్లటి సందులు ఉండేవి. కింద ఎడమ మూలన ఉన్న సందు మీద అరచేయి పడితే రెండు ముక్కలూ చర్మం ద్వారా కలిసిపోయేవి. యాంటెనా పొడవు ఇంత ఉండాలని లెక్క కట్టి చేస్తారు. చేయి కలిపేసరికి ఆ లెక్క తప్పేది. ఎడమచేత్తో ఫోన్ పట్టుకున్న మనిషి చేయి సహజంగా పడేది సరిగ్గా అక్కడే. కొన్నవాళ్లు చూస్తుండగానే గీతలు ఐదు నుంచి ఒకటికి జారిపోయేవి.

జూలై 2న యాపిల్ ఒక లేఖ విడుదల చేసింది. ఎన్ని గీతలు చూపించాలో లెక్కించే తమ సూత్రం పూర్తిగా తప్పని, చాలాచోట్ల ఉండాల్సిన దానికంటే రెండు గీతలు ఎక్కువ చూపిస్తోందని, సిగ్నల్ మొదటి నుంచీ బలహీనంగా ఉన్న చోటే జనానికి ఈ పతనం కనిపిస్తోందని దాని సారాంశం. అంటే, సాఫ్ట్‌వేర్ తప్పు. జూలై 12న అమెరికాలోని వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్, బయటి తరంగాలు చొరబడని గదిలో పరీక్షించి, యాంటెనా రూపకల్పనలోనే లోపం ఉందని, ఈ ఫోన్ కొనమని సిఫారసు చేయలేమని చెప్పింది. అంటే, హార్డ్‌వేర్ తప్పు.

ఆనంద్‌టెక్ అనే సాంకేతిక వెబ్‌సైట్ అంకెలు కొలిచి బయటపెట్టింది. మామూలుగా చేత్తో పట్టుకుంటే ఐఫోన్ 4 సిగ్నల్ 19.8 డీబీ పడిపోయింది (రెండు డీబీఎం అంకెల మధ్య తేడాను డీబీ అంటారు). అంతకుముందు వచ్చిన ఐఫోన్ 3జీఎస్‌లో ఆ పతనం 1.9 మాత్రమే, గూగుల్ నెక్సస్ వన్‌లో 10.7. అంటే చేయి అడ్డొస్తే ఏ ఫోన్‌కైనా సిగ్నల్ తగ్గుతుందన్న మాట నిజమే గానీ, ఇది తగ్గినంతగా మిగతావి తగ్గలేదు. ఐఫోన్ 4కు కవర్ తొడిగితే పతనం 7.2కు దిగింది. చర్మానికి, స్టీలుకు మధ్య చిన్న పొర వస్తే ఇంత మారిందంటే, మూలం లోహం దగ్గరే ఉందని అర్థం.

అదే పరిశీలనలో గీతల సూత్రం కూడా బయటపడింది. -51 నుంచి -91 దాకా ఐదు గీతలు. -91 నుంచి -101 దాకా నాలుగు. -101 నుంచి -103 దాకా మూడు. -103 నుంచి -107 దాకా రెండు. అక్కడి నుంచి -113 దాకా ఒకటి. మూడో గీతకు దక్కిన చోటు చూడండి, రెండంటే రెండే డీబీ. ఐదో గీతకు మాత్రం నలభై.

ఇప్పుడు ఈ రెండు లెక్కల్ని కలిపి చూద్దాం. టవర్ పక్కనే ఉన్న మనిషి ఫోన్‌లో సిగ్నల్ -60 అనుకుందాం. చేత్తో పట్టుకుంటే దాదాపు -80 అవుతుంది. వంద రెట్లు తగ్గినా తెర మీద ఐదు గీతలు ఐదుగానే ఉంటాయి. అతను "నాకే సమస్యా లేదు" అంటాడు, నిజాయితీగానే అంటాడు. రెండో మనిషి దగ్గర -85, అంటే తెర మీద ఐదు గీతలే. పట్టుకుంటే -105. గీతలు ఐదు నుంచి రెండుకు పడతాయి. మూడో మనిషి దగ్గర -95, నాలుగు గీతలు. పట్టుకుంటే -115. కాల్ తెగిపోతుంది. ముగ్గురి ఫోన్లలోనూ పతనం ఒక్కటే, 20 డీబీ. అది హార్డ్‌వేర్ చేసిన పని. ముగ్గురికీ మూడు రకాలుగా కనిపించడం సాఫ్ట్‌వేర్ చేసిన పని. రెండో మనిషికి -85 అనే ఓ మోస్తరు సిగ్నల్‌ను "నిండా ఉంది" అని చూపించి ఉండకపోతే, పడినప్పుడు ఇంత హడలిపోయేవాడు కాదు. మూడో మనిషి కాల్‌ను మాత్రం ఏ సూత్రం మార్చినా కాపాడలేం.

జూలై 15న వచ్చిన ఐఓఎస్ 4.0.1 గీతల సూత్రాన్ని మార్చింది. దాంతో ఒక్క కాల్ కూడా అదనంగా నిలబడదు, తెర నిజానికి దగ్గరగా వస్తుంది, అంతే. మరుసటి రోజు స్టీవ్ జాబ్స్ విలేకరుల సమావేశం పెట్టి కొన్నవాళ్లందరికీ ఉచితంగా కవర్ ఇస్తామన్నారు. ఆయన చెప్పిన అంకెల్నీ పక్కన పెట్టకూడదు. కొన్నవాళ్లలో యాంటెనా గురించి ఫిర్యాదు చేసింది 0.55 శాతమే, అమెరికా సిమ్ కంపెనీ ఏటీ అండ్ టీ ద్వారా అమ్మినవాటిలో వెనక్కి ఇచ్చింది 1.7 శాతం, 3జీఎస్‌కు అదే దశలో అది 6 శాతం. 3జీఎస్ కంటే అదనంగా తెగుతున్న కాల్స్ వందకు ఒకటి కూడా లేవు. ఆనంద్‌టెక్ కూడా ఒక మంచి మాట చెప్పింది, సిగ్నల్ బాగా సన్నగిల్లిన చోట ఐఫోన్ 4 కాల్‌ను పాతదానికంటే గట్టిగా పట్టి ఉంచుతోందని. ఒకే ఫోన్‌కు మంచి చెవీ ఉంది, చేయి తగిలితే మూసుకుపోయే గుణమూ ఉంది.

నా లెక్కలో అసలు లోపం యాంటెనాదే. గీతల సూత్రం ఆ లోపాన్ని కొందరికి పెద్దది చేసి, కొందరికి పూర్తిగా దాచింది. కాకపోతే ఆ తర్వాత జరిగింది చూస్తే ఈ తీర్పు కూడా పూర్తిగా నిలవదు. 2011లో వచ్చిన ఐఫోన్ 4ఎస్‌లో యాంటెనాలు మళ్లీ స్టీలు పట్టీలోనే ఉన్నాయి. చేయి ఒకదాన్ని కప్పితే కాల్ జరుగుతుండగానే ఫోన్ రెండోదానికి మారిపోతుంది. మార్చడానికి స్విచ్ హార్డ్‌వేర్, ఎప్పుడు మార్చాలో చెప్పేది సాఫ్ట్‌వేర్. ఇక్కడి నుంచే గోడ చెరగడం మొదలవుతుంది.

## మోడెమ్ ఎవరి పక్షం?

మోడెమ్ ఒక చిప్. అయితే దానిలోపల నడిచేది దాని సొంత సాఫ్ట్‌వేర్, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. ఫోన్‌కు సిస్టమ్ అప్‌డేట్ వచ్చినప్పుడు చాలాసార్లు దాంతోపాటు కొత్త ఫర్మ్‌వేర్ కూడా వస్తుంది. ఏ బ్యాండ్ (తరంగాల వరస) వెతకాలి, ఏ టవర్‌కు మారాలి, యాంటెనాను ఏ తరంగానికి సరిచేసుకోవాలి, ఎంత శక్తితో తిరిగి పంపాలి, అన్నీ ఇదే నిర్ణయిస్తుంది. అందుకే "నాదేమీ కింద పడలేదు, అప్‌డేట్‌తోనే సిగ్నల్ తగ్గింది" అనేవాళ్ల మాటను కొట్టిపారేయలేం. అది జరగగల పనే.

మన దేశంలో 5జీ దీనికి మంచి ఉదాహరణ. 2022 అక్టోబర్ 1న 5జీ సేవలు మొదలయ్యాయి. అప్పటికే 5జీ ఐఫోన్లు కొన్నవాళ్ల చేతుల్లో చిప్ ఉంది, యాంటెనా ఉంది, పైన టవర్ ఉంది, అయినా 5జీ రాలేదు. ఆ డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 వచ్చాకే తలుపు తెరుచుకుంది. ఒక్క స్క్రూ కూడా కదపలేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. *#06# కొడితే ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ ఒక్కదానికే ఉండే గుర్తింపు సంఖ్య, రావాలి. కొన్ని ఫోన్లలో అది రాదు, బేస్‌బ్యాండ్ దగ్గర "అన్‌నోన్" అని ఉంటుంది. మోడెమ్ లేవలేదని అర్థం. ఎందుకు లేవలేదు? తెలియనివాళ్లు ఫ్లాష్ కొట్టినప్పుడు (సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కించినప్పుడు) ఐఎంఈఐ దాచుకునే మెమరీ భాగం చెడి ఉండొచ్చు, అది సాఫ్ట్‌వేర్. కింద పడ్డప్పుడు చిప్ కింది టంకం చిట్లి ఉండొచ్చు, అది హార్డ్‌వేర్. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. చూసిన వెంటనే ఒకటే కారణమని గట్టిగా చెప్పేవాళ్లు ఊహించి చెప్తున్నట్టే.

ఎండాకాలం సంగతి ఇంకా చిక్కు. ఐఫోన్ వాడాల్సిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలని యాపిల్ చెప్తుంది, బాగా వేడెక్కితే సెల్యులార్ రేడియో తక్కువ శక్తి స్థితికి వెళ్తుందని, అప్పుడు సిగ్నల్ తగ్గొచ్చని కూడా చెప్తుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో నీడలోనే 40 దాటుతుంది. బండి మీద ఎండలో మ్యాప్ పెట్టుకుని డెలివరీ చేసే కుర్రాడి ఫోన్‌లో సిగ్నల్ తగ్గితే, తగ్గించింది సాఫ్ట్‌వేర్, తగ్గించాల్సి వచ్చింది హార్డ్‌వేర్‌ను కాపాడటానికి. ఇక్కడ పాడైంది ఏదీ లేదు.

## అమెరికా నుంచి తెచ్చిన ఫోన్

మన ఇళ్లలో చాలామందికి తెలిసిన కథ ఇది. అబ్బాయో అమ్మాయో డల్లాస్ నుంచి వస్తూ నాన్నకు ఫోన్ తెస్తారు. ఇక్కడి సిమ్ వేస్తే డేటా వస్తుంది, కాల్స్ వెళ్లవు. లేదా ఊళ్లో పనిచేస్తుంది, వేరే చోటికి వెళ్తే సిగ్నల్ సన్నగిల్లుతుంది. "డూప్లికేట్ పీసేమో" అన్న అనుమానం కూడా వస్తుంది.

రెండు వేర్వేరు కారణాలు ఇక్కడ ఒకదాని మీద ఒకటి పడతాయి. జియో 2016లో మొదలైనప్పటి నుంచీ దానికి 2జీ, 3జీ లేవు, కాల్ కూడా 4జీ మీదే వెళ్లాలి. దాన్నే వోల్టే అంటారు. ఫోన్‌లో మన నెట్‌వర్క్‌కు వోల్టే సెట్టింగ్ పెట్టి ఉండకపోతే డేటా వచ్చినా కాల్ రాదు. అది సాఫ్ట్‌వేర్ లోటు, తయారీదారు తలుచుకుంటే అప్‌డేట్‌తో తీరుతుంది. రెండోది బ్యాండ్లు. మన దగ్గర 4జీ ఎక్కువగా నడిచే వాటిలో 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ ఉన్నాయి. అమెరికా మార్కెట్‌కు చేసిన కొన్ని పాత మోడళ్లలో 2300కు కావాల్సిన ఫిల్టరే బోర్డు మీద ఉండదు. అది హార్డ్‌వేర్ లోటు, ఏ అప్‌డేటూ తీర్చలేదు. పైగా రెండు సందర్భాల్లోనూ ఫోన్ చక్కగా ఉన్నట్టే లెక్క, అది ఈ దేశం కోసం చేసింది కాదు, అంతే.

## టవర్ కూడా నిందితుల్లో ఒకటి

ఫోన్‌ను మాత్రమే బోనులో నిలబెడితే సగం కేసు వదిలేసినట్టే. 700 మెగాహెర్ట్జ్ తరంగం గోడల్ని దాటినంత తేలిగ్గా 3.5 గిగాహెర్ట్జ్ తరంగం దాటలేదు. మేడ మీద 5జీ పరుగెత్తి, కింద పడగ్గదిలో 4జీకి పడిపోతే ఎక్కువసార్లు కారణం మన కాంక్రీటు శ్లాబే. సాయంత్రం ఏడింటికి గీతలు నిండుగా ఉండి వీడియో తిరుగుతూనే ఉంటే, తరంగం బలంగానే ఉంది, దాన్ని పంచుకునేవాళ్లు ఎక్కువయ్యారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన ప్రమాణం ప్రకారం మధ్యలో తెగే కాల్స్ 2 శాతం దాటకూడదు. తెగడం సున్నా కావాలని ఆ ప్రమాణమే అనడం లేదు.

ఒకే కంపెనీ సిమ్ ఉన్న రెండు ఫోన్లు ఒకే చోట ఒకే సమయంలో ఒకేలా తగ్గితే వేలు టవర్ వైపు తిరుగుతుంది. ఒక్కటే తగ్గితే ఫోన్ వైపు తిరుగుతుంది.

## "అప్‌డేట్ తర్వాతే పోయింది"

ఈ వాదనలో బలమూ ఉంది, ప్రమాదమూ ఉంది. బలం ఏమిటో ఐఓఎస్ 8.0.1 చూపించింది. ప్రమాదం నేను నా ఫోన్‌తో తెలుసుకున్నాను.

ఒక షాపులో డిస్‌ప్లే మార్పించాను. ఆ రాత్రే ఫోన్ తనంతట తాను అప్‌డేట్ ఎక్కించుకుంది. రెండు రోజులకు మా వెనక గదిలో కాల్స్ తెగడం మొదలైంది. హాల్లో ఫర్వాలేదు, వెనక గదిలోనే. షాపును అనుమానించలేదు, అప్‌డేట్‌నే తిట్టుకున్నాను. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేశాను. మారలేదు. మొత్తం ఫోన్ చెరిపేసి మొదటి నుంచి పెట్టుకున్నాను. అయినా మారలేదు. ఫోన్ పూర్తిగా చచ్చిపోలేదు కాబట్టి హార్డ్‌వేర్ అయ్యుండదని నా తర్కం. ఆ తర్కం తప్పు. యాంటెనాలు ఒకటికి మించి ఉన్నప్పుడు ఒకటి తెగినా మిగతావి కొంత లాక్కొస్తాయి. హార్డ్‌వేర్ చెడితే అంతా పోవాలన్న నియమం ఏమీ లేదు.

చివరికి గీతలు వదిలేసి అంకెలు చూశాను. వెనక గదిలో కుర్చీలో కూర్చుంటే నా ఫోన్ -119. అదే సిమ్ కంపెనీ ఉన్న మా ఆవిడ ఫోన్ అదే కుర్చీలో -96. సిమ్‌లు మార్చుకున్నాం. -119 నా ఫోన్‌తోనే ఉండిపోయింది, సిమ్‌తో వెళ్లలేదు. అంటే టవర్ కాదు, సిమ్ కాదు. ఇదే మోడల్, ఇదే అప్‌డేట్ ఉన్న మా తమ్ముడి ఫోన్‌కు ఏ ఇబ్బందీ లేదు. అంటే అప్‌డేట్ మీద అనుమానం కూడా సన్నగిల్లింది.

వేరే టెక్నీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన వెనక మూత వేడి చేసి తెరిచి, భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నారు. బోర్డు అంచున సన్నని నల్ల కేబుల్, దాని చివర మెంతి గింజ కంటే చిన్న గుండ్రటి కనెక్టర్. అది సాకెట్ మీద కూర్చున్నట్టే ఉంది గానీ ఒక పక్క కొద్దిగా లేచి ఉంది. ఫోన్ విప్పి మళ్లీ బిగించినప్పుడు సరిగ్గా నొక్కలేదని చెప్పి, ప్లాస్టిక్ పుల్లతో నొక్కారు. టక్‌మని చిన్న చప్పుడు వచ్చింది. ఐదు నిమిషాల పని.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి వెనక గదిలో అదే కుర్చీలో కూర్చుని సిమ్ స్టేటస్ తెరిచాను. -98. ముందున్న దానికంటే 21 డీబీ ఎక్కువ, అంటే వంద రెట్లు పైమాటే. నేను నెలంతా తిట్టుకున్న అప్‌డేట్ అందులో అలాగే ఉంది.